కూతకెళ్ళిన బావను పిలవకూడదు

ఇప్పుడంటే నడక రాని పిల్లవాడు కూడా ఫోను ఎత్తగానే పాకడం ఆపి నవ్వు మొహం పెడుతున్నాడు గానీ, నేను పనిలో చేరిన ఆ రోజుల్లో మా వైపు మనుషుల్ని కెమెరా వైపు తిప్పడం ఒక విద్య. ఆ రోజులంటే మరీ తాతల కాలం అనుకునేరు. పది పన్నెండేళ్ళ కిందటి సంగతే. నేను డిగ్రీని ఒక సబ్జెక్టు తక్కువగా ముగించి (ఆ సబ్జెక్టు ఇప్పటికీ తక్కువే), మార్కాపురంలో మా మేనమామ నడిపే ఫోటో స్టూడియోలో కుదురుకున్నాను. మామ నన్ను చేర్చుకున్నది నా పనితనం చూసి కాదు, గొంతు చూసి. పెళ్ళి పందిట్లో మేళం ఒకవైపు, మైకు ఒకవైపు, హోమం పొగలో కళ్ళు నులుముకునే పెళ్ళికొడుకు ఒకవైపు. వీటన్నిటి మధ్యా "బావా! ఇటు చూడు!" అని నేనొక్క కేక వేస్తే చాలు, పెళ్ళికొడుకే కాదు, వంటల దగ్గరున్న వాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని ఇటు తిరిగేవాళ్ళు. ఏ పెళ్ళికొడుకైనా నాకు బావే, ఏ పెళ్ళికూతురైనా అక్కే. ఆ లెక్కన దోర్నాల నుంచి గిద్దలూరు దాకా ఊరూరా నాకు బావలు తయారయ్యారు.

ఆ ఉద్యోగం నాకు నేర్పిన ఇంకో చెడ్డ అలవాటు, లోకంలో ఏదైనా రెండోసారి జరిపించవచ్చుననుకోవడం. తాళి కట్టే వేళ బావమరిది తల అడ్డం వచ్చిందనుకోండి, "అయ్యవారూ, ఒక్క నిమిషం! బావా, చేతులు అట్లనే పెట్టు, గడ్డం దించు, భుజం ఎత్తు" అంటే పెళ్ళికొడుకు అలాగే బిగుసుకుపోయేవాడు. తలంబ్రాలు సరిగా పడకపోతే మళ్ళీ పోయించేవాళ్ళం. అప్పగింతలప్పుడు ఏడ్చిన తల్లిని, కళ్ళు తుడుచుకున్నాక, "పెద్దమ్మా, ఇంకొక్కసారి" అని అడిగి మళ్ళీ ఏడిపించిన ఘనులం. పాపం ఆవిడ మొదటిసారి కన్నా రెండోసారే బాగా ఏడ్చింది. ఈ వైభవం చూసి నేను పెద్ద ఫోటోగ్రాఫర్నని గట్టిగా నమ్మేశాను. మామ మాత్రం నమ్మలేదు. ఆయన అనుభవజ్ఞుడు.

ఇక మా బావ. అంటే కేకలేసి సంపాదించుకున్న బావ కాదు, సొంత అక్క మొగుడు. కొనకనమిట్ల దగ్గర ఒక పల్లె వాళ్ళది. ఇంట్లో గొర్రెల మంద, కాస్త మెట్ట చేను. పగలంతా మంద వెనక, సాయంత్రమైతే కబడ్డీ. ఆ ఊళ్ళో గొర్రెను కాలు దొరకబుచ్చుకుని ఆపడం పిల్లలకు నడకతో పాటే వస్తుంది కాబట్టి, అక్కడి ఆటగాళ్ళ చేతికి చీలమండ చిక్కితే ఎవడికైనా ఆట ముగిసినట్టే. మా బావ గొప్ప మాత్రం పట్టడంలో కాదు, చిక్కకుండా రావడంలో. కూతకు వెళ్ళాడంటే, ఊపిరి బిగబట్టి "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలివాళ్ళ గడిలో దూరి, ఒకణ్ణి ముట్టి, పట్టబోయిన వాడి మీదుగా ఎగిరి, నడిగీత ఇవతల పడేవాడు. ఆ ఎగరడంలోనే ఒక మోకాలు చెడింది. మ్యాచి ఆడిన మర్నాడు అది వాచి, అక్క వావిలాకు కాపడం పెడుతూ మోకాలికి ఒక చీవాటు, బావకు రెండు చీవాట్లు పెట్టేది. చివరికి పిల్లవాడు పుట్టాక అక్క తెగేసి చెప్పింది, "మార్కాపురంలో లైట్ల కింద ఆడే ఈ టోర్నమెంటే కడాఖరు. మళ్ళా ఆటంటే నేను మా నాయనకాడికి పోతా." బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు మర్నాడే నన్ను వెతుక్కుంటూ స్టూడియోకు వచ్చాడు.

"రేయ్, గోడకు పెళ్ళిఫోటో ఉండాది. దాంట్లో నువ్వు ఎట్ల చూడమంటే అట్ల చూస్తాండా నేను" అన్నాడు మొహమాటంగా. "ఇన్నేండ్లు ఆడినా గదా, ఆడేటప్పుడు ఎట్ల ఉంటానో నేనెప్పుడన్నా చూసుకున్నానా? అందురూ చూసినారు, నేను తప్ప. ఒక్కటంటే ఒక్క ఫోటో తియ్యిరా. గాల్లో ఉన్నప్పుడు. రేపు పిల్లోడు పెద్దోడై నువ్వు ఆడినావా నాయనా అంటే చూపీను ఏముండాది నాకాడ?"

బావ ఎన్నడూ నన్నేదీ అడిగి ఎరగడు. అడిగిన ఒక్కటీ నా విద్యలోనే అడిగాడు. నాకు ఛాతీ ఉబ్బిపోయింది. "అదెంత పని బావా! ఒకటేంది, ఆల్బమే చేపిస్తా" అన్నాను. లోపల కూర్చుని ఇదంతా వింటున్న మామ, బావ వెళ్ళాక కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "ఒరే, పెండ్లికొడుకు పరిగెత్తడురా. ఇన్నాళ్ళూ నువ్వు తీసిందంతా కూర్చున్నోళ్ళనే" అన్నాడు. పెద్దవాళ్ళకు కొత్త తరం మీద అసూయ సహజం అనుకున్నాను.

అయినా ఎందుకైనా మంచిదని రెండు రాత్రులు ఫోన్లో వీడియోలు చూశాను. అందులో ఎవరో దొరగారు పెద్ద స్టేడియంలో, రాత్రి లైట్ల కింద పరిగెత్తే మనుషుల్ని చెమట చుక్కలతో సహా ఫోటోలో బంధిస్తున్నారు. ఆయన మాటలు సగం అర్థం కాలేదు గానీ చేతిలో లెన్సు మాత్రం బాగా అర్థమైంది. అది మా ఇంటి బిందెంత ఉంది. నా దగ్గరున్నది చెంబు. కానీ నీళ్ళు చెంబుతోనూ తాగవచ్చు కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

టోర్నమెంటు మార్కాపురం పొలిమేరలో ఒక మైదానంలో. చుట్టూ స్తంభాలెత్తి, ఒక్కో స్తంభానికి గుత్తులుగా లైట్లు కట్టారు. ట్రాక్టర్ ట్రాలీలు వరుసగా నిలిపి, వాటి మీద జనం. ఎర్రమట్టి తడిపి, చదును చేసి, సున్నంతో గీతలు కొట్టారు. లైట్లు వెయ్యగానే ముసిరిన పురుగులతో సహా అంతా పట్టపగలులా కనబడింది. ఇంత వెలుగులో ఫోటో ఎందుకు రాదు, మామ పిచ్చి గానీ అనుకున్నాను. ఆ రాత్రి నాకు తెలిసిన మొదటి శాస్త్రం ఏమిటంటే, మన కన్ను మంచిది, ఎంతిస్తే అంతతో సర్దుకుంటుంది. కెమెరా మొండిది. కంటికి పట్టపగలు అనిపించింది దానికి మునిమాపు. వెలుగు చాల్లేదని అది రెప్ప తెరుచుకుని నింపాదిగా చూస్తూ కూర్చుంటుంది, ఈ లోపల కూతకొచ్చినవాడు వెళ్ళి, ముట్టి, వచ్చి, నీళ్ళు కూడా తాగేస్తాడు.

వెలుగు చాలకపోతే పెళ్ళిళ్ళలో ఏం చేస్తాం? ఫ్లాష్ కొడతాం. కొట్టాను. మొదటి మ్యాచిలో ఒక ఆటగాడు కళ్ళు బైర్లు కమ్మి సొంత మనిషినే గట్టిగా పట్టుకున్నాడు. విజిల్ మోగింది. అంపైరు సారు (బళ్ళో వ్యాయామం పంతులుగా చేసి దిగిపోయిన మనిషి, గొంతులో నాకు సమ ఉజ్జీ) చెయ్యి నావైపు చాచి, "ఏయ్ పెండ్లిఫోటో! ఆ మెరుపు ఆపు! పిల్లోళ్ళ కండ్లు పోతాయి!" అని గద్దించాడు. ట్రాలీల మీద జనం గొల్లుమన్నారు. అప్పటి నుంచి ఆ మైదానంలో నా పేరు పెండ్లిఫోటో. బొరుగులమ్మే ఆమె కూడా "పెండ్లిఫోటో, రవ్వంత జరుగు నాయనా" అంది.

ఫ్లాష్ ఆపాక తీసినవి చూసుకున్నాను. ఒకదాంట్లో మనిషి లేడు, కాలుంది. ఒకదాంట్లో బావ బనియను రంగు ఈ మూల నుంచి ఆ మూలకు పూసినట్టుంది, బావ లేడు. ఆ దిక్కుమాలిన లైట్లు మన కంటికి తెలియకుండా లోలోపల మిణుకుతాయట. అందుకని ఒకే మనిషి ఒక ఫోటోలో నలుగు పెట్టినట్టు పచ్చగా, తర్వాతి దాంట్లో పాచి పట్టినట్టు ఆకుపచ్చగా పడ్డాడు. మొత్తం మీద కళ్ళకద్దుకునేంత స్పష్టంగా వచ్చినవాళ్ళు ఇద్దరే, కదలకుండా నిలబడే అంపైరు సారు, ట్రాలీ మీద బొరుగులు నములుతూ ఆటను మర్చిపోయిన ఒక పెద్దాయన. ఆ పెద్దాయన ఫోటోలే నా దగ్గర బావవి కన్నా ఎక్కువున్నాయి.

సెమీఫైనల్లో బావ ఒక అద్భుతం చేశాడు. ముగ్గురు కలిసి గొలుసుగా చేతులు పట్టుకుని చుట్టుకోబోతే ఆ చేతుల మీదుగా లేడిపిల్లలా దూకి బయటపడ్డాడు. జనం ట్రాలీలు విరిగేట్టు ఎగిరారు. నేను చూడలేదు. సరిగ్గా ఆ నిమిషానికి కమిటీ పెద్ద నా కాలరు పట్టి లాగి, ఎవరో ముఖ్య అతిథికి శాలువా కప్పుతూ, "ముందు ఇది తియ్యి అబ్బయ్యా. ఆట యాడికి పోతాది!" అన్నాడు. ఆట పోయింది. శాలువా మాత్రం దివ్యంగా పడింది, అంచు జరీతో సహా. మ్యాచి అయ్యాక బావ కుంటుకుంటూ వచ్చి, మొహమంతా వెలిగిపోతూ, "పడిందా?" అన్నాడు. నేను "ఇంకా మంచిది వస్తాది బావా, ఫైనల్లో చూడు" అన్నాను. బావ తలూపాడు. మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుంటూ, "ఇదే కడాఖరురా, మర్చిపోవాకు" అన్నాడు. బావకు ఆ రాత్రి కప్పు మీద కన్నా నా మీదే ఆశ ఎక్కువుంది, నేను చూస్తే శాలువాల ఫోటోగ్రాఫర్ని.

ఫైనల్ గిద్దలూరు జట్టుతో. వాళ్ళ జట్టులో మూల కాపు కాసేవాడు చీలమండ పట్టులో పేరుమోసిన మొనగాడు. అతణ్ణి నేను గుర్తుపట్టాను. కిందటి నెలలోనే అతని పెళ్ళికి మేమే ఫోటోలు తీశాం. అప్పుడు గడ్డం దించమని, భుజం ఎత్తమని అతని ప్రాణం తీసింది నేనే. ఇంకా చేతికి కంకణం గుర్తు కూడా మాసిపోలేదు, అప్పుడే ఆటలోకి దిగాడు. మ్యాచి నువ్వా నేనా అన్నట్టు సాగింది. ఆఖరి నిమిషానికి రెండు జట్లూ సమానం. ఆఖరి కూత మాది. వెళ్ళింది మా బావ. నేను నడిగీత చివర మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరా కంటికి ఆనించి, తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను.

బావ కూత ఎత్తుకున్నాడు. అటూ ఇటూ ఊగాడు, మోకాలు బాగాలేదన్న సంగతి అతని శత్రువులకే కాదు, మోకాలికి కూడా తెలియనట్టు. చటుక్కున కాలు చాచి ఒకణ్ణి ముట్టాడు. జనం హోరెత్తించారు. ఇక గీత దాటితే కప్పు మాదే. మూలనున్న కొత్త పెళ్ళికొడుకు చీలమండ కోసం దూకాడు, బావ తప్పించుకుని నావైపే గాల్లోకి లేవబోతున్నాడు. ఇదే, ఇదే ఆ ఫోటో! కానీ నా కళ్ళ ముందు అంతకుముందు తీసిన కాళ్ళూ చేతులూ పూసిన రంగులూ అన్నీ తిరిగాయి. ఇది కూడా అలుక్కుపోతుంది, ఇంకెప్పటికీ రాదు అని భయమేసింది. ఆ భయంలో నా చెయ్యి ఏం చెయ్యాలో మర్చిపోయింది గానీ నోరు మర్చిపోలేదు. పందిట్లో పొగను చీల్చుకుపోయే ఆ పాత కేక నాకు తెలియకుండానే బయటికి వచ్చేసింది.

"బావా! ఇటు చూడు!"

బావ ఆగాడు. గీతకు జానెడు దూరంలో, ఒక కాలు ఎత్తి పట్టుకుని, నావైపు తిరిగి, "ఏంరా?" అన్నాడు.

బావ ఒక్కడే తిరిగాడనుకోకండి. మా వైపు బావ కానివాడెవడు? కోర్టులో ఉన్న ప్రతివాడూ ఎవడో ఒకడికి బావే. గిద్దలూరు జట్టు జట్టంతా నావైపు తిరిగింది. చీలమండ కోసం దూకిన మూల మనిషి మోచేతుల మీద పడివుండి కూడా, నెల కిందటి శిక్షణ మరువకుండా, గడ్డం దించి భుజం ఎత్తాడు. వెనకనున్నవాడు జుట్టు సవరించుకున్నాడు. అంపైరు సారు విజిలు నోట్లో పెట్టుకునే నాకేసి చూశాడు. ఎర్రమట్టి మీద, లైట్ల కింద, ఒక్క క్షణం అందరూ బొమ్మల్లా నిలబడ్డారు. నా చూపుడువేలు, అది కూడా పెళ్ళిళ్ళలో పుట్టి పెరిగిందే కదా, టక్కున నొక్కేసింది.

తర్వాత విజిల్ మోగింది. "కూత ఆగింది! ఔట్!"

మా జట్టు అంపైరు మీదకు వెళ్ళింది. "సార్, పలికినాడు అంతే గదా, ఊపిరి తియ్యలా" అని ఒకడు వాదించాడు. సారు ఏమాత్రం తొణకలేదు. "కబడ్డీ అనాల్సిన చోట ఏంరా అన్నాడు. ఏంరా అనేది ఏ రూల్లో ఉండాదయ్యా?" అన్నాడు. నిజమే, లేదు. ఒక్క పాయింటుతో కప్పు గిద్దలూరు బస్సెక్కింది. బావ ఊరివాళ్ళు నాకోసం వెతికారు. నేను జనరేటరు వెనక కూర్చుని, ఆ మోతలో నా గుండె చప్పుడు ఎవరికీ వినపడదులే అని తృప్తిపడుతున్నాను. చివరికి నన్ను కనిపెట్టింది బావే. కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. వెలుగు వెనకనుంచి పడుతోంది, మొహం కనపడలేదు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పడిందా?" అన్నాడు.

"పడింది బావా" అన్నాను. ఆ రాత్రంతటికీ నేను చెప్పిన మొదటి నిజం అదే.

మర్నాడు స్టూడియోలో కంప్యూటర్లో చూశాం. మామ ఒక్కొక్కటీ జరుపుతూ, "ఇది పొగా? ఇది దయ్యమా?" అని అడుగుతూ పోయాడు. చివరిది తెరమీదకు రాగానే ముగ్గురం ముందుకు వంగాం. సూది కింద పడితే కనపడేంత స్పష్టంగా ఉంది. గిద్దలూరు ఆటగాళ్ళు ఏడుగురు, ఒక అంపైరు, అందరి చూపూ కెమెరాలోకే. పెళ్ళిలో మగపెళ్ళివారి గ్రూపు ఫోటో ఇంత కుదురుగా ఎప్పుడూ రాలేదు. నడుమ మా బావ, ఒంటికాలి మీద, నోరు తెరుచుకుని. మామ గట్టిగా నవ్వి, "నేను చెప్పలా? నీకు నిలబడినోళ్ళే పడతారు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. బావ అడిగింది గాల్లో ఉన్న ఫోటో. నేనిచ్చింది కప్పు పోగొట్టి మరీ నేల మీద నిలబెట్టిన ఫోటో. బావ చాలాసేపు చూసి, "పెద్దది చేయి" అని మాత్రం అన్నాడు.

అదిప్పుడు వాళ్ళింట్లో గోడకు వేలాడుతోంది. మొదట్లో ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకు ప్రాణసంకటంగా ఉండేది. వచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి, "ఇదేంది? ఇది ఏం ఆట? అందురూ ఇట్ల నిలబడుకోనుండారేంది?" అని అడిగేవాడు. ఇక బావ లేచేవాడు. మంచం జరిపి, నట్టింట్లో గీత ఎక్కడుందో చూపించి, ఎవడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పి, వచ్చినవాణ్ణే మూల కాపుగా నిలబెట్టి, ఆ కూత మొత్తం మొదటి నుంచి ఆడి చూపించేవాడు, నేను కేకేసే దాకా. అక్క వంటింట్లోంచి "మోకాలు!" అని అరుస్తూనే ఉండేది. పిల్లవాడు పెరిగి, కథలో నా కేక వాడే వెయ్యడం మొదలుపెట్టాడు. నాకన్నా బాగా వేస్తాడు వెధవ.

నా సంగతి చెప్పాలంటే, తర్వాత బుద్ధి వచ్చింది. లెన్సులు మారాయి, కెమెరాలు మారాయి, చీకట్లో కూడా చూడగలిగేవి వచ్చాయి. ఇప్పుడు ఈ చుట్టుపక్కల లైట్ల కింద ఏ ఆట జరిగినా నన్నే పిలుస్తారు. కిందటేడు పాత ఆటగాళ్ళకు సరదాగా ఒక మ్యాచి పెట్టారు. బావ కూడా దిగాడు, అక్క కళ్ళుగప్పి. ఒక్కసారి, ఎక్కువ ఎత్తేమీ కాదు, గాల్లోకి లేచాడు. నేను నోరు కట్టేసుకుని నొక్కాను. నుదుటి మీద చెమట చుక్కతో సహా పడింది. కొంచెం పొట్ట, కొంచెం నెరసిన జుట్టు, అయినా గాల్లోనే. దాన్ని పెద్దది చేయించి, పటం కట్టించి, ఇన్నాళ్ళకు బాకీ తీరిందనుకుంటూ పట్టుకెళ్ళాను.

బావ ఒడిలో పెట్టుకుని చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. "ఇట్లనా నేను ఎగిరేది!" అన్నాడు. పిల్లవాణ్ణి పిలిచి చూపించాడు. ఇదే అదనని నేను గోడ దగ్గరికి వెళ్ళి, "బావా, ఇది ఈడ పెడదాం. ఆ పాతది తీసేయి, చూసినప్పుడల్లా నాకు సిగ్గుగా ఉంటాది" అంటూ పాత పటం మీద చెయ్యి వేశాను.

"దాన్ని ముట్టబాకు" అన్నాడు బావ. కొత్తదాన్ని రెండో గోడకు పెట్టమని అక్కకు ఇచ్చి, నావైపు తిరిగి, మామూలుగానే అన్నాడు. "గాల్లోకి ఎవురైనా ఎగురుతారురా. దాంట్లో నువ్వు పిలిచినావు, నేను పలికినా."

పటం మీద నుంచి చెయ్యి తీశాను. ఇంతకాలం ఆ ఫోటోలో నా తెలివితక్కువతనం ఒక్కటే చూసుకుంటూ వచ్చాను. కప్పు పోతుందని తెలిసి కూడా మనిషి పలుకుతాడని, ఆ పలుకు మొహం మీద ఎలా ఉంటుందో అది ఆ ఫోటోలో ఉందని, తీసినవాడికి తప్ప ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు లైట్ల కింద కూర్చుంటే నేను నోరు మెదపను. ఆటగాళ్ళు నన్ను చూడరు, చూడకూడదు కూడా. ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి, అందరూ మెచ్చుకుంటారు. అయినా ఒక్కోసారి ఎవడో కుర్రవాడు గాల్లోకి లేచినప్పుడు, గీత చివర మోకాళ్ళ మీద కూర్చుని భయంతో కేకేసిన ఆ పెండ్లిఫోటో గుర్తొస్తాడు. వాణ్ణి రెండు తన్నాలనిపిస్తుంది. నవ్వూ వస్తుంది. అంత మంచి ఫోటో నేను మళ్ళీ తియ్యలేకపోయాను.